వెనక చక్రాలు

నాలుగో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోయాయి. బండి నడుపుతున్నది ఆమె కాదు, భర్త. అయినా ముడుచుకున్నాయి. కొండకు ఏడు మలుపులు. మొదటి మూడింటి దాకా ఆమె మామూలు మనిషే. నాలుగోదాని దగ్గర పిట్టగోడకు పెచ్చు లేచిన చోటు, దాని మీద అంటుకున్న ఎర్రరంగు కనిపించగానే ప్రాణం సగమైపోతుంది. ఆ రంగు వాళ్ళ బండిదే. మూడు వారాల కిందట, వానలో, స్టీరింగు ఆమె చేతిలో, భర్త పక్కసీట్లో ఉండగా అంటుకుంది.

"కళ్ళు మూసుకోకు. మూసుకుంటే భయం ఇంకా పెరుగుతుంది," అన్నాడు భర్త, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మా స్టూడెంట్లకి ఇదే చెప్తాను."

"మూసుకోలేదండీ."

మూసుకుంది. తెరిచేసరికి మలుపు వెనకపడింది. వాన లేదు, రోడ్డు మాత్రం తడిగా ఉంది. బండి ముప్పై దాటలేదు. వెనకాల పాలవ్యాను వాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. భర్త రెండు చేతులూ స్టీరింగుకి అతికించినట్టు పట్టుకున్నాడు. నేర్పేవాడి జాగ్రత్త అది అనుకుంది ఆమె.

అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. పక్కసీట్లో కూర్చుని అరిచే అరుపును బట్టి అందరూ బ్రేకు మాస్టారు అంటారు. స్కూలు బండికి అతని కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఈ ఎర్రబండికి అది లేదు. రెండు తలుపులు, బొడ్డు నేలకు ఆనినట్టుండే ఒళ్ళు, ఎద్దు గిట్టలంత వెడల్పు టైర్లు. మోజు తీరిన కుర్రాడెవరో అమ్మేస్తుంటే చవగ్గా తెచ్చుకున్నాడు. ఏనుగును కొన్నాడు గాని అంకుశం దగ్గర పేచీ పెట్టుకున్నాడని అత్తగారు కూడా అంది. వెనక టైర్ల మాట ఎత్తితే చాలు, 'వచ్చే నెల చూద్దాం' అనేవాడు.

ఆస్పత్రి మెట్ల దగ్గర దించాడు. గోడ గడియారంలో ఆరు దాటి పన్నెండు నిమిషాలు.

డయాలసిస్ గదిలో నలుగురు బరువు చూసుకుని, మంచాల మీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకున్నారు. రెండ్రోజుల నీరు ఒంట్లో నిలిచిపోయిన కాళ్ళు. చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగిపోయి ఉన్నాయి. ఆమె చేతులు కడుక్కుని, గ్లవ్సులు వేసుకుని, గొట్టాల్లోకి సెలైను పంపి బుడగలు పోయేదాకా వేలితో తట్టింది. మొదటి మంచం లైన్‌మాన్ తాతది. కరెంటు స్తంభాలు ఎక్కిన మనిషి, ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసం.

"మాస్టారు తెచ్చాడా, నువ్వే నడిపావా సిస్టరమ్మా?"

"ఆయనే తెచ్చారు తాతగారూ."

"బతికిపోయాం. నువ్వు నడిపితే మాకు మిషను కాదు, మా ఫొటోలకి దండలు పడేవి." పక్కమంచం ఆవిడ కిసుక్కున నవ్వింది. "మాస్టారు చెప్పాడులే. మలుపులో బ్రేకు ఎలా తొక్కకూడదో మా ఆవిడ చూపించింది అని. మా మనవడు ఆయన దగ్గరే నేర్చుకుంటున్నాడు. బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాడట."

ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే నొచ్చుకుందంటారు. తాత ముంజేతి మీద ఉబ్బిన నరం మీద వేళ్ళు ఆనించి, రక్తం గిరగిరమని పరిగెత్తే అదురు చూసుకుని, మొదటి సూది దించింది. బోర్డు మీద బొమ్మ సంగతి ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం పెద్ద సిస్టర్ పిలిచింది. పెద్ద సిస్టర్ కోప్పడదు. అదే భయం.

"ఈ నెల్లో ఆరు రోజులు లేటు. పన్నెండు నిమిషాలు నీకు చిన్నవి. వాళ్ళకి ఊపిరితిత్తుల్లోకి నీళ్ళెక్కే పన్నెండు నిమిషాలు."

"తెలుసు సిస్టర్."

"సోమవారం నుంచి ఆరింటికి లేకపోతే కింద స్టోర్‌కి వేస్తాను. దూదీ, బ్యాండేజీ లెక్క రాసుకో. భయపడే మనిషిని నేను కొండెక్కించలేను."

సోమవారం నుంచే భర్తకు కొత్త పొద్దుటి బ్యాచి. ఆరున్నరకి. దింపి తిరిగి వెళ్ళాలంటే అందుకోలేడు. ఆస్పత్రి బస్సు ఆరింటికి కొండ దిగుతుందే గాని, ఆ వేళకి పైకొచ్చే బస్సు లేదు. ఆమె నడపాలి, లేదా దూదిపింజెలు లెక్కపెట్టుకోవాలి. పదకొండేళ్ళుగా మనుషుల నరాలు వెతికిన వేళ్ళు ఆమెవి.  

శనివారం ఇద్దరూ టైర్ల షాపుకి వెళ్ళారు.

షాపు ముందు సిమెంటు నేల మీద నూనె మరకలు, కంప్రెసర్ చప్పుడు. లోపల అరల నిండా నల్లగా, కొత్త రబ్బరు వాసన. యజమాని కౌంటర్ వెనక నుంచి లేచి, "రండి మాస్టారూ!" అని, ఆమె వైపు చూడకుండానే, "మేడమ్‌కి కుర్చీ వెయ్యండ్రా," అన్నాడు. కుర్చీ వచ్చింది. ఆమె కూర్చోలేదు.

"వెనకవి రెండూ పోయాయి," అన్నాడు భర్త. "మంచివి రెండు చూపించు. బండి స్థాయికి తగ్గవి."

యజమాని అరలోంచి రెండు రకాలు దొర్లించుకుంటూ తెచ్చాడు. ఒకటి పేరున్న కంపెనీది. చారలు పులి గోళ్ళలా ఏటవాలుగా చెక్కి ఉన్నాయి. "రెండొందల నలభై స్పీడు తట్టుకుంటుంది. మీ దగ్గరున్న డబ్బుకి ఇవి రెండు వస్తాయి. ఈ రెండూ ముందు వేద్దాం. ముందున్న రెండు నెలల పాతవాటిని వెనక్కి నెడదాం."

"అంతే. స్టీరింగు ముందుంది, ఇంజను లాగేది ముందు. కొత్తవి ముందే ఉండాలి," అన్నాడు భర్త.

బండి పక్కన ఒక ముసలాయన గొంతుక్కూర్చుని వెనక టైరు చారల్లోకి నాణెం దించి చూస్తున్నాడు. నాణెం అంచు కూడా మునగలేదు. బూడిదరంగు చొక్కా, కుడిబొటనవేలికి గోరు లేదు. ముప్పై ఏళ్ళుగా టైర్లకు గాలి కొడుతున్నాడని అందరికీ గాలిబాబాయి.

"నేర్పేది నలభైలో, కొనేది రెండొందల నలభైకా మాస్టారూ?" అన్నాడు లేవకుండానే.

"నీ పని నువ్వు చూసుకో బాబాయ్," అన్నాడు యజమాని.

"పనే చూస్తున్నా." టైరు మీద అరచేత్తో రాశాడు. తల తిప్పి ఆమెను చూశాడు. "పిట్టగోడకు కొట్టింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనే."

"ముందు జారిందా, వెనక జారిందా?"

మూడు వారాల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎలా చేశావన్నారు, ఎందుకు చేశావన్నారు, ఎవరి మొహం చూసి బయల్దేరావన్నారు. ఎటు జారిందని అడిగినవాడు లేడు.

"ముందు నేను తిప్పినట్టే తిరిగింది," అంది. అంటుంటే చేతులు పైకి లేచాయి, ఆ స్టీరింగే పట్టుకున్నట్టు. "వెనక... వెనక నుంచి ఎవరో పక్కకి తోసినట్టయింది. స్టీరింగు తేలికైపోయింది. ముక్కు కొండవైపుకి తిరిగి, తోక లోయవైపుకి పోయి గోడకి కొట్టుకుంది."

"బ్రేకు జారకముందు తొక్కావా, జారాకా?"

"జారాకే. అంతకుముందు ఎక్సలేటర్ మీంచి కాలు తీశా, అంతే."

"ఇంకేముంది మరి." గాలిబాబాయి మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ముందు కొత్తవి పట్టుకున్నాయి, వెనక బోడివి వదిలేశాయి. ముందు జారితే బండి తిన్నగా పోతుంది, మనిషికి తెలుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. వెనక జారితే గిర్రున తిరగడమే. నీ చేతుల్లో ఏం లేదమ్మాయ్. తడిలో ఆ టైర్ల మీద ఎంత పెద్ద డ్రైవరునైనా కూర్చోబెట్టు, అదే గోడ."

కంప్రెసర్ ఆగింది. గాలిబాబాయి నెమ్మదిగా అన్నాడు:

"రెండు నెలల కింద ఇక్కడే వేశాం. కొత్తవి వెనక వేద్దాం మాస్టారూ అని నేనన్నా. ఆయన వినలేదు. నాకే పాఠం చెప్పాడు."

ఆమె భర్త వైపు చూసింది. అతను పులిగోళ్ళ టైరు అంచు మీద ఉన్న అంకెలు చదువుతున్నాడు. చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

భయం తగ్గాలి కదా. తగ్గలేదు, దిక్కు మార్చుకుంది. ఇన్నాళ్ళూ తన చేతులంటే భయం. ఇప్పుడు, చేతులు బాగానే ఉన్నాయని తెలిసీ మూడు వారాలు పక్కన పడుకుని మాట్లాడని మనిషంటే భయం. కుర్చీ దగ్గర్లోనే ఉంది. కూర్చుంది.

"మేడమ్‌కి నీళ్ళు..." అన్నాడు యజమాని.

"నీళ్ళొద్దు. రెండు టైర్లు కూడా వద్దు. ముందూ వెనకా ఒకే రకం ఉండాలి, నాలుగూ మార్చాలి. ఎంతలో వస్తాయి?"

"నాలుగా? మీ బడ్జెట్‌లో..."

"ముందున్న రెండూ రెండు నెలలవే కదా. అవి మీరే వెనక్కి తీసుకోండి. సగం ధరకి. కొండెక్కే పనిలేనివాడికి అమ్ముకుంటారు."

భర్త అప్పుడు నోరు విప్పాడు. "ఆ ముందువి స్పోర్ట్స్ రబ్బరే! వాటికేం? పట్టు చూశావా..."

"ఎండలో," అన్నాడు గాలిబాబాయి. "చలి పడితే ఆ రబ్బరు పెంకు కడుతుంది. కొండ మీద పొద్దున ఎలా ఉంటుందో ఆ అమ్మాయికి తెలుసు." లోపలికి వెళ్ళి మరో టైరు భుజాన వేసుకొచ్చాడు. పేరు ఎవరూ పెద్దగా విననిది. నేల మీద పడేసి, బొటనవేలితో చారల్ని నొక్కి చూపించాడు. "అన్ని కాలాలకీ పనికొచ్చేది. నిలువునా నాలుగు కాలవలు, నీళ్ళు పోవడానికి. ఈ సన్న గాట్లు చలికి. స్పీడు రెండొందల పదే, మీ బండి సైజుకీ బరువుకీ సరిపోతుంది. తడిలో పట్టు ఇదిగో, కాగితం మీద మొదటి రకం అని ఉంది. పులిగోళ్ళది చూడు, మూడో రకం. గోళ్ళు బొమ్మకే." అంచు మీద నాలుగంకెలు చూపించాడు. "ఎప్పుడు పుట్టిందో ఇక్కడుంటుంది. మూడు నెలల పసిబిడ్డ."

ఆమె వంగి ఆ అంకెలు తనే చదివింది. మిగతా మూడింటివి కూడా తెప్పించి చదివింది. మందు సీసా మీద తేదీ చూసినట్టు. యజమాని పాత టైర్లకి సగం ఇవ్వనన్నాడు, మూడోవంతన్నాడు, ఆమె కుర్చీలోంచి లేవకుండా కూర్చుంది, చివరికి సగానికి కొంచెం తక్కువ దగ్గర తెగింది.

"మొదటి వంద కిలోమీటర్లు జాగ్రత్త అమ్మాయ్," అన్నాడు గాలిబాబాయి, చివరి నట్టు బిగిస్తూ. "అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఇంకా ఉంటుంది. కొత్త టైరు కొత్త కోడలి లాంటిది. ముందు కాస్త జారుతుంది, తర్వాత ఇల్లంతా పట్టేస్తుంది."

వంద కిలోమీటర్లు. కొండకి రానూపోనూ నలభై. అంటే సోమవారం జిడ్డుతోనే.

ఆదివారం పొద్దున భర్త బండి కడిగాడు. మధ్యాహ్నం మళ్ళీ కడిగాడు. ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ తగలకుండా తిరిగారు. ఆమె శుభ్రమైన యూనిఫారం ఇస్త్రీ చేసుకుంది, కాలర్ రెండుసార్లు కాలబోయింది.

భోజనాల దగ్గర అత్తగారు అంది: "టైర్లు మార్పించావు సరే. నడిపే చెయ్యి మారుతుందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నేను చెప్తున్నా, ఆ స్టోర్ ఉద్యోగమే నయం. కూర్చుని చేసుకునే పని."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఎదురుగా భర్త. ఒక్క వాక్యం చాలు. అతని దవడ నములుతూ ఆగి, మళ్ళీ కదిలింది.

"తిను అమ్మా, చల్లారిపోతుంది," అన్నాడు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. కొళాయి కింద చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఈ చేతుల్ని తాను కూడా ఎన్ని తిట్లు తిట్టింది.

సోమవారం పొద్దున వాన.

చినుకు కాదు, దారాలు దారాలుగా. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. ఆమె స్టీరింగు ముందు, అతను పక్కన. మొదటి రోజు కదా, బ్యాచిని గంట వెనక్కి జరుపుకుని తోడు వచ్చి, రాత్రి డ్యూటీ వాళ్ళు దిగే ఆస్పత్రి బస్సులో బ్యాచికి వెళ్ళిపోతానన్నాడు. తాళం తిప్పేముందు ఆమె కుడి మోకాలి మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టింది, పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు.

మొదటి మలుపు. రెండోది. రోడ్డు మీద నీళ్ళు పలచగా పారుతున్నాయి. హెడ్‌లైట్ల వెలుగు ఆ నీళ్ళ మీద పడి తిరిగి కళ్ళలోకే వస్తోంది. మూడోది.   వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. దూదిపింజెలు ఎవర్నీ చంపవు.

నాలుగోది కనిపించింది. పెచ్చు లేచిన గోడ.

మలుపుకు ముందే, రోడ్డు ఇంకా తిన్నగా ఉండగానే, వేగం తగ్గించింది. గేరు మార్చింది. స్టీరింగు మెల్లగా తిప్పి, కాలు అలాగే ఉంచింది, తియ్యలేదు, తొక్కలేదు. ఒంటి మీది వెంట్రుకలన్నీ లేచి వెనక చక్రాల వైపు చెవులు పెట్టాయి. ఇప్పుడు తోస్తుంది. ఇప్పుడే. ఒక్కసారి చిన్నగా, తడిసిన సబ్బు మీద వేలు జారినట్టు, వెనక ఏదో కదిలింది.  టైరు పట్టుకుంది. గోడ పక్కగా జరిగి, అద్దంలోకి వెళ్ళి, చిన్నదైపోయింది.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. టక్, టక్, టక్. పక్కన. భర్త కుడికాలి బూటు మడమ నేల మీది రబ్బరు పట్టాను తొక్కుతోంది. లేని బ్రేకుని. అరవలేదు. పెదాలు తెల్లబడి ఉన్నాయి, తలుపు పిడి పట్టుకున్న చేతి నరాలు లెక్కపెట్టొచ్చు. పనిలో అయితే అలాంటి మనిషిని చూడగానే ముందు కూర్చోబెట్టి బీపీ చూసేది.

ఐదో మలుపు తర్వాత రోడ్డు కాస్త వెడల్పైన చోట ఆమె బండి ఆపింది.

"ఎప్పట్నుంచి ఈ భయం?" అంది.

"ఆ రోజు నుంచీ," అన్నాడు. "నేను నడిపేటప్పుడు కూడా. స్కూలు బండిలో కూడా. పిల్లలు మలుపు తిప్పుతుంటే..."

"బాబాయి చెప్పింది గుర్తొచ్చిందా? ఆ రోజు బండి తిరిగినప్పుడు?"

"గోడకి తగలకముందే గుర్తొచ్చింది."

అదీ సంగతి. ఆమె స్టీరింగు మీద చేతులు తీయలేదు.

"నేర్పేవాణ్ణి కదే," అన్నాడు. గొంతు పిల్లాడిలా ఉంది. "టైరెక్కడ వెయ్యాలో తెలియక పెళ్ళాన్ని లోయ అంచున తిప్పాడంటే, నా దగ్గరికి ఎవడొస్తాడు?"

"ఊరికి చెప్పమనలేదు. నాకు చెప్పాల్సింది."

ఆమె జవాబు కోసం ఆగలేదు. డాష్‌బోర్డు గడియారం ఐదు నలభై చూపిస్తోంది. గేరు వేసింది.

ఆరుకు ఏడు నిమిషాల ముందు ఆస్పత్రి మెట్ల దగ్గర ఆపింది. డయాలసిస్ గదిలోకి ఆమె వెనకే అతనూ వచ్చాడు. బస్సుకు టైముంది, బయట తల దాచుకునే చోటు లేదు. బూట్ల నుంచి నీళ్ళు కారుతుండగా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఓహో, బ్రేకు మాస్టారే!" లైన్‌మాన్ తాత బరువు యంత్రం మీంచి దిగుతూ అన్నాడు. "ఇంత వానలో టైముకి తెచ్చావంటే నీ చెయ్యి చెయ్యి కాదయ్యా. సిస్టరమ్మ నడిపుంటే ఈపాటికి మేమే వెళ్ళి గోడ మీంచి తీసుకురావాల్సొచ్చేది."

పక్కమంచం ఆవిడ నవ్వింది. మిగతా ఇద్దరూ నవ్వారు. భర్త మొహం మీద కూడా అలవాటైన నవ్వు మొదలైంది. అతను ఆమె వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వులో మాట కలిసిపోయేది. ఇవాళ ఆమె సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటూ ఉండిపోయింది. తల తిప్పలేదు. అతనికి సాయం చెయ్యలేదు.

అతని నవ్వు మధ్యలోనే నిలబడిపోయి, దిక్కు తోచక, పోయింది.

"ఆవిడే తెచ్చింది," అన్నాడు.

"ఆఁ?"

"ఇవాళ నడిపింది ఆవిడే. నేను పక్కన కూర్చుని వణికాను. ఆ రోజు కూడా ఆవిడ తప్పేం లేదు తాతగారూ. టైర్లు నేను తప్పు వేయించాను. వద్దని చెప్పినా వినకుండా వేయించాను."

ఎవరూ నవ్వలేదు. ఒక యంత్రం సిద్ధమైనట్టు కీచుమంది. బయట బస్సు హారన్ వినిపించింది. అతను వానలోకి వెళ్ళిపోయాడు. బండి తాళం అడగలేదు. అది ఆమె జేబులో బరువుగా ఉంది. సాయంత్రం దిగేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. వాన తగ్గేలా లేదు. భయం ఉంది. ఉండనీ అనుకుని, గ్లవ్సులు వేసుకుంది.

తాత మంచం మీద కూర్చుని తన వాచిన పాదాల కేసి చూసుకుంటున్నాడు.

"మూడు వారాల్నుంచి నవ్వుతున్నాం గదమ్మా," అన్నాడు. "నా తప్పు కాదని నువ్వొక్క మాట అనొద్దూ?"

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుంది. దూదితో అతని ముంజేయి తుడిచింది.

"నేనూ నమ్మాను తాతగారూ," అంది. "చెయ్యి చాపండి."